ట్యూబుల పందెంలో ఇత్తడి బిళ్ళ

మునిలక్ష్మి ఇంట్లో వంటింటి తలుపు పక్కన ఒక చెక్కపలక వేలాడుతూ ఉంటుంది. పలక నిండా మేకులు. ఒక్కో మేకుకు ఒక్కో రేకుబిళ్ళ. కొత్తగా ఇంటికొచ్చినవాళ్ళు అది తాళంచెవులు తగిలించుకునే పలక అనుకుంటారు. గనుల ఊరు ఆండర్సన్‌పేటలో పాతకాలంవాళ్ళు మాత్రం చూడగానే గుర్తుపడతారు. బంగారు గనిలో దిగేవాడు పలకమీదినుంచి తన బిళ్ళ తీసుకుని దిగాలి. పైకి వచ్చాక మళ్ళీ అదే మేకుకు తగిలించాలి. మేకు ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా లోపల ఉన్నాడని అర్థం. పలక దగ్గర కూర్చునేవాడు, అన్ని మేకులూ నిండితే తప్ప ఇంటికి పోకూడదు.

మునిలక్ష్మి మామ కదిరప్ప ఆ గనిలోనే పని చేశాడు. గని మూసేసిన రోజు అందరూ బిళ్ళలు అప్పజెప్పి వచ్చారట. కదిరప్ప మాత్రం తన ఇత్తడి బిళ్ళను జేబులో వేసుకుని ఇంటికి తెచ్చేశాడు. ఎవరైనా అడిగితే, "నేను పైకొచ్చినట్టు వాళ్ళకాడ లెక్క లేదప్పా. నేనింకా లోపలే ఉండాను" అని నవ్వేవాడు. నవ్వితే దగ్గు వచ్చేది. ఆ దగ్గుతోనే పోయాడు. బిళ్ళ కొడుకు కేశవకు వచ్చింది.

కేశవకు గని తెలీదు. అతనికి తెలిసింది పంక్చర్లు. బేతమంగళం పోయే దోవలో చిన్న అంగడి పెట్టి లారీలకూ బస్సులకూ ట్యూబులు అతికేవాడు. లక్కూరులో పట్టుపురుగులు పెంచే ఇంట్లో పుట్టి, ఐదో తరగతితో బడి మానేసిన మునిలక్ష్మిని పెళ్ళి చేసుకుని ఆ అంగడి వెనక గదిలోనే కాపురం పెట్టాడు. మధ్యాహ్నం కేశవ భోంచేసేటప్పుడు ఆమె వచ్చి అంగడిలో కూర్చునేది. నీళ్ళతొట్టిలో ట్యూబు ముంచి, బుడగ ఎక్కడనుంచి వస్తుందో చూసి, సుద్దతో గుర్తుపెట్టి ఉంచేది. అంతకన్నా ఆ పనిలో ఆమె చేయి పెట్టింది లేదు.

తరువాత లారీలకు ట్యూబులు లేని టైర్లు వచ్చేశాయి. పాత ట్యూబులు అంగడిలో గుట్టపడ్డాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే, వరసగా వానలు పడి, ఊరి బయట ఎర్రచెరువు నిండింది. మునిలక్ష్మి పెళ్ళయి వచ్చినప్పటినుంచీ ఆ చెరువులో తుమ్మచెట్లూ మేకలూ తప్ప నీళ్ళు చూసింది లేదు. నిండిన చెరువును చూసి కేశవకు కాళ్ళు నిలవలేదు. ఒక లారీ ట్యూబుకు గాలి నింపి, నడుమ నైలాన్ తాడుతో పీట అల్లి, అందులో కూర్చుని కాళ్ళు నీళ్ళలో వేలాడేసుకుని, గాలం పట్టుకుని చెరువు మధ్యకు పోయాడు. ఈదేందుకు పాత స్కూటర్ టైరును బాతుపాదాల మాదిరి కోసి చెప్పులకు కట్టుకున్నాడు. మూణ్ణాలుగు వారాల్లో చుట్టుపక్కల ఊళ్ళ మొగవాళ్ళు ట్యూబుల కోసం అంగడి ముందు నిలబడ్డారు. ఏడాది తిరక్కుండా అది పందెమైంది.

పందెం పద్ధతి కేశవ పెట్టిందే. మామిడి కోతలు అయిపోయిన తరువాత ఒక ఆదివారం. ఎవరు పట్టిన చేప అందరికంటే పొడుగో వాళ్ళు గెలిచినట్టు. కట్లగానీ రోహుగానీ పడితే తడిగోతంమీద పడుకోబెట్టి కొలిచి, మళ్ళీ నీళ్ళలోకే వదలాలి. జిలేబి చేపలు మాత్రం కుండలోకి పోతాయి. గెలిచినవాడి పేరు వాడి ట్యూబుమీద తెల్లరంగుతో రాస్తారు. బహుమతి అంతే. బిళ్ళల పద్ధతి మాత్రం తండ్రి పనిచేసిన గనినుంచి తెచ్చుకున్నాడు. నీళ్ళలోకి పోయే ప్రతివాడూ పలకమీదినుంచి బిళ్ళ తీసుకుని మెడలో వేసుకోవాలి. గట్టెక్కి తగిలించాలి. పలక నిండేదాకా ఎవరూ ముద్ద ముట్టకూడదు. రేకుబిళ్ళలు తనే కత్తిరించాడు. మొదటి మేకుకు తండ్రి ఇత్తడి బిళ్ళ పెట్టాడు. అది కేశవది. పందెం రోజు తను గట్టుమీదే ఉండేవాడు, మామూలు రోజుల్లో దిగితే మాత్రం ఆ బిళ్ళ వేసుకునే దిగేవాడు.

పోయిన ఏడు ఉగాది దాటాక ఒక పగలు, అంగడిలో జాకీ తిప్పుతూ తిప్పుతూ కేశవ కింద కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు. ఆ ఏడు పందెం జరగలేదు. మునిలక్ష్మి ఇత్తడి బిళ్ళను తాళాల గుత్తికి కట్టి నడుముకు దోపుకుంది. ఏ పని చేస్తున్నా అది తగిలి చప్పుడయ్యేది.

సంవత్సరీకం అయిన తరువాత ఆమె చేసిన మొదటి పని, చిన్నవెంకటప్ప ఇంటికి పోవడం. ఎర్రచెరువు చేపల గుత్త ఆయనది. ఆయన ఒప్పుకోకపోతే చెరువులో గాలం వేసే హక్కు ఎవరికీ లేదు.

చిన్నవెంకటప్ప అరుగుమీద కూర్చుని వల సరిచేసుకుంటున్నాడు. ఆమె చెప్పింది విని తల ఎత్తకుండానే అడిగాడు.

"నీకు ఈత వస్తుందామ్మా?"

"రాదన్నా."

"ట్యూబులో కూచున్నావా ఎప్పుడన్నా?"

"లేదన్నా. నీళ్ళంటే నాకు భయం."

"మరి ఏం చూసి ఇయ్యాల నేను?"

"పందెం రోజు ఆయప్ప కూడా నీళ్ళల్లోకి దిగలేదు కదన్నా. గట్టుమీద పలక పక్కన నిలబడినాడు. నిలబడేది నాకూ వస్తుంది."

చిన్నవెంకటప్ప అప్పుడు తలెత్తి చూశాడు. చాలాసేపు వల కన్నులు లెక్కపెడుతున్నట్టు వేళ్ళు ఆడించాడు.

"ఒక ఆదివారం ఇస్తా. కేశవ మొగం చూసి ఇస్తా ఉండా. ఒక్క మనిషికి ఏమన్నా అయ్యిందంటే, ఇంగ ఈ చెరువులో ట్యూబు అనే మాట ఉండకూడదు. నీ పలక తీసుకుపోయి పొయ్యిలో పెట్టుకోవాల. సరేనా?"

"సరేనన్నా."

ఇంటికి వస్తే మరిది చంద్రు అంగడి ముందు నిలబడి ఉన్నాడు. అన్న పోయినప్పటినుంచి అంగడి అతనే చూస్తున్నాడు.

"ఏం వదినా, ఊరకే ఉన్న ప్రాణానికి ఎందుకివన్నీ? ఆ మొగోళ్ళు నీ మాట వింటారా? అన్న అరిస్తేనే సగం మంది వినలేదు."

"మీ అన్న అరిచినాడు. అందుకే వినలేదు. నేను అరవను. కంప్రెసర్ తీసుకురా, దానికి లారీ హారన్ను బిగించు. సంగు కూసినాక ఎవడు రాకపోతాడో చూస్తా."

గనిలో షిఫ్టు మారేటప్పుడు కూసే సైరన్‌ను అక్కడ సంగు అంటారు. గని మూతపడినా ఆ మాట పోలేదు. చంద్రు నవ్వాపుకోలేకపోయాడు. హారన్ బిగించాడు.

ఆ వారమంతా మునిలక్ష్మి ట్యూబులతోనే ఉంది. ఎవరి ట్యూబు వాళ్ళు తెచ్చినా, తొట్టిలో ముంచి బుడగ రాదని తేలితేనే దానికి సుద్దగీత పెట్టింది. గాలిపోసే ముక్కు పొట్టకు గీసుకోకుండా గుడ్డ చుట్టించింది. ఈత వచ్చినవాడైనా రానివాడైనా నడుముకు ఖాళీ నూనె క్యాను కట్టుకోవాల్సిందేనని చెప్పింది. పందెం ముందురోజు సాయంత్రం, పనంతా అయ్యాక, అటకమీదనుంచి కేశవ ట్యూబు దించింది. ఎవరూ వాడేది లేదు. అయినా దించింది. మడతల్లో పౌడరు చల్లి పెట్టి ఉంచింది తనే. దానికి గాలి నింపి, తొట్టిలో తిప్పి తిప్పి ముంచి చూసింది. ఎక్కడా బుడగ రాలేదు. దానికీ సుద్దగీత పెట్టింది.

ఆదివారం పొద్దున గట్టుమీద ఎర్రమట్టి కనపడనంతగా ట్యూబులు. అంజినప్ప అందరికంటే ముందే వచ్చి కూర్చున్నాడు. ఇటుకబట్టీల్లో మేస్త్రీ. ఇంతకుముందు మూడుసార్లు గెలిచాడు. అతని ట్యూబు చుట్టూ పేరు రాసి రాసి అది ఎన్నికల గోడలాగా ఉంది.

"ఇంగ రాసేకి జాగా లేదు. ఈసారి గెలిస్తే నీ వీపుమీదే రాయాల" అన్నాడు పాలవాడు మంజు.

"నువ్వు గెలిస్తే నీ పాలక్యానుమీద రాసుకో. నీళ్ళు కలిపినావని జనానికి తెలుస్తుంది" అన్నాడు అంజినప్ప.

పలకను గట్టుమీద రెండు కర్రల మధ్య కట్టారు. మొదటి మేకు ఖాళీగా ఉంది. ఇత్తడి బిళ్ళ మునిలక్ష్మి నడుముకే ఉంది. అంజినప్ప తన భార్య చేత కట్టించుకొచ్చిన చామంతి దండను తీసి ఆ మేకుకు వేశాడు. 

"ఆ మేకు ఎవరూ ముట్టద్దు. అది కేశవన్నది. ఖాళీగానే ఉంటుంది" అన్నాడు చంద్రు.

మునిలక్ష్మి పలక దగ్గరికి వచ్చింది. బిళ్ళలు ఒక్కొక్కటే తీసి ఒక్కొక్కరి మెడలో తనే వేసింది. హారన్ మోగించింది. ట్యూబులన్నీ బాతుపిల్లల గుంపులాగా ఒక్కసారి నీళ్ళలో పడి, కొట్టుకుంటూ, కేకలేసుకుంటూ విడిపోయాయి. చంద్రు కూడా ఒక ట్యూబులో వాళ్ళ వెనకే పోయాడు. చిన్నవెంకటప్ప గొడుగు వేసుకుని దూరంగా తూము దగ్గర కూర్చున్నాడు. ఆయన అక్కడికి చేపలు చూడ్డానికి రాలేదని మునిలక్ష్మికి తెలుసు.

అందరూ వెళ్ళిపోయాక ఒక మనిషి గట్టెక్కి వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. చొక్కా చెమటకు అంటుకుపోయింది. చేతిలో గోనెసంచిలో చుట్టిన వెదురుగాలం.

"పందెం అయిపోయిందాక్కా?"

"ఇప్పుడే పోయినారు. ఏ ఊరప్పా?"

"మాలూరు. నా పేరు మునేష్. ఫ్యాక్టరీలో పని. బంగారుపేటలో రైలు నిలబెట్టేసినారు. క్రాసింగంట." అతను నీళ్ళమీద నల్లచుక్కల్లా కదులుతున్న ట్యూబులను చూశాడు. "పోనీలేక్కా. కూచుని చూస్తాను."

అతను గట్టుమీద కూర్చున్నాడు. గోనెసంచిని ఒళ్ళో పెట్టుకున్నాడు, విప్పలేదు. తన ఊరివాళ్ళు ఎవరూ లేరు. పలకరించేవాళ్ళు లేరు. మునిలక్ష్మి పలక చూసింది. రేకుబిళ్ళలన్నీ నీళ్ళమీదికి పోయాయి. చామంతి దండ ఒక్కటే ఉంది. పక్కన టెంపోలో కేశవ ట్యూబు ఉంది. ఎందుకు తెచ్చావని పొద్దున చంద్రు అడిగితే, తోడుగా అని చెప్పింది.

ఆమె నడుముకున్న తాళాల గుత్తి విప్పింది. ముడి బిగుసుకుపోయి ఉంటే పళ్ళతో లాగింది.

"లేయప్పా. ట్యూబు ఉండాది. ఇది మెళ్ళో వేసుకో. సంగు కూస్తే యాడున్నా రావాల. వచ్చి ఈ బిళ్ళను ఈ పలకకు తగిలించాల. తగిలిస్తే నువ్వు వచ్చినట్టు. లేకపోతే రానట్టే. అర్థమయిందా?"

"అయిందక్కా."

"చొక్కా ఇట్ల ఇయ్యి. ఈ టైరు బాతుపాదాలు కాళ్ళకు తగిలించుకో. క్యాను గట్టిగా కట్టుకో."

మునేష్ బనియనుతో దిగాడు. మొదట రెండుసార్లు గుండ్రంగా తిరిగాడు. తరువాత కాళ్ళు ఆడించడం పట్టుబడి, నెమ్మదిగా చెరువు కింది కొసకు పోయాడు. అటువైపు జమ్ముగడ్డి ఎక్కువ. ఎవరూ పోరు. కొత్తవాడు గనుక ఖాళీగా ఉన్నచోటికి పోయాడు. వంటకు వచ్చి పొయ్యి దగ్గర రాగిపిండి కలుపుతున్న సౌభాగ్య పొగలో కళ్ళు తుడుచుకుంటూ ఉంది. ఆమె చూడలేదు. చిన్నవెంకటప్ప గొడుగు ఇంకోవైపుకు తిరిగి ఉంది. ఆయనా చూడలేదు.

పొద్దు నడినెత్తికి రాకముందే మునిలక్ష్మి గట్టు వెనకాల ఉన్న నీలగిరి తోపును చూసింది. నీలగిరి ఆకు వెనక్కి తిరిగితే తోపంతా తెల్లబారుతుంది. కేశవ పందెం రోజుల్లో చేపలకంటే ఆ తోపునే ఎక్కువ చూసేవాడు. ఇప్పుడది ఒక పక్కనుంచి తెల్లబారుతూ వస్తోంది. గాలి లేస్తోంది. నీళ్ళు ఇంకా అద్దంలాగానే ఉన్నాయి. ఇంకా టైముంది. కానీ ఆమె టైము చూడలేదు. హారన్ నొక్కింది.

నీళ్ళమీదనుంచి అరుపులు వచ్చాయి. అందరికంటే పెద్ద అరుపు అంజినప్పది.

"ఏమ్మా, ఇప్పుడే కొరికింది. పెద్దది. కొంచెం ఉండమ్మా."

ఆమె మళ్ళీ నొక్కింది. వదలకుండా నొక్కింది. ఒక్కొక్క ట్యూబూ గట్టువైపు తిరిగింది. సగందూరం వచ్చేసరికి గాలి నీళ్ళను పట్టుకుంది. చెరువంతా ముడతలు పడి, అలలు లేచాయి. ముందు నవ్వుతూ వచ్చినవాళ్ళు, తరువాత పళ్ళు బిగబట్టి కాళ్ళు కొట్టారు. అంజినప్ప చివర వచ్చాడు. ఒక చేత్తో గాలం, ఒక చేత్తో ట్యూబు.

"గాలికి భయపడేది ఉంటే ట్యూబులో గాలి ఎందుకు నింపుకోవాల?" అని గొణుగుతూనే గట్టెక్కాడు. కానీ వెనక్కి తిరిగి నీళ్ళు చూశాక గొణుగుడు ఆగిపోయింది. బిళ్ళ తీసి తగిలించాడు.

చేపలు కొలిచారు. మంజు తెచ్చిన కట్ల, అంజినప్ప తెచ్చిన కట్లకంటే వేలెడు పొడుగుంది. "నా చేప సంగుకు భయపడి ముడుచుకుంది" అన్నాడు అంజినప్ప. అందరూ నవ్వారు. కట్లలు రెండూ నీళ్ళలోకి పోయాయి. సౌభాగ్య ఆకులు వేసింది. ముద్దలు ఉండలు చేసి పెట్టింది. జిలేబి చేపల పులుసు వాసన గట్టంతా పట్టుకుంది. చంద్రు పలకవైపు చూశాడు. రేకుబిళ్ళలన్నీ ఉన్నాయి. చామంతి దండ మేకు ఖాళీగా ఉంది. ఉండవలసినట్టే ఉంది.

"పలక నిండింది. కూచోండప్పా" అన్నాడు.

మొగవాళ్ళు వరసగా కూర్చున్నారు. చిన్నవెంకటప్ప కూడా గొడుగు మడిచి వచ్చి చివర కూర్చున్నాడు. ఆయన మొహంలో ఏదో బరువు దిగినట్టు ఉంది.

మునిలక్ష్మి కట్లలను నీళ్ళలో వదలడానికి పోయి, తడిగోతం పిండుకుని అప్పుడే పైకి వచ్చింది. వరసగా వంగిన తలలు చూసింది. పలక చూసింది. హారన్ దగ్గరికి పోయి ఒక్కసారి నొక్కింది. అంత దగ్గర మోగేసరికి ముద్దలు పట్టుకున్న చేతులు అట్లాగే ఆగిపోయాయి.

"ఎవరూ తినద్దండి. పలక నిండలేదు."

"నిండింది వదినా. నేను చూసినా."

"మొదటి మేకు ఖాళీ ఉండాది."

అంజినప్ప మెల్లగా, పిల్లలకు చెప్పినట్టు చెప్పాడు. "అది కేశవన్న మేకు కదమ్మా. అది ఇంగ నిండేది కాదు. నీ బాధ మాకూ తెలుసు. కూచో తల్లీ, నువ్వు కూడా ఇంత తిను."

"బాధ కాదప్పా. ఇత్తడి బిళ్ళ నేనే ఇచ్చినా. పొద్దున మీరు పోయినాక మాలూరునుంచి ఒకాయన వచ్చినాడు. మునేష్ అని. కేశవ ట్యూబులో పోయినాడు. కింది కొసకు పోయినాడు. ఆ బిళ్ళ ఇంకా నీళ్ళమీదే ఉండాది."

 మొదట లేచింది చిన్నవెంకటప్ప. ఆయన మొహం మళ్ళీ బరువెక్కింది. ఆమె వైపు చూడకుండా చెరువు వైపు చూశాడు. కింది కొసన జమ్ము గాలికి పడుకుని లేస్తోంది. నల్లచుక్క ఏదీ లేదు.

తరువాత అందరూ ఒక్కసారి లేచారు. ఎవడి ట్యూబు వాడు ఎత్తుకున్నాడు. అంజినప్ప అప్పటికే నడుముదాకా నీళ్ళలో ఉన్నాడు.

"అంజినప్పా, ఎనక్కి రా" అంది మునిలక్ష్మి. అరవలేదు. కానీ అతను ఆగాడు. "ఈ గాలిలో అందరూ దిగితే నేను ఎవర్ని చూడాల? ఇద్దరే దిగండి. నువ్వు, మంజు. జమ్ము పక్కనే పోండి. నడుమకు పోవద్దండి. మిగతావాళ్ళు బండ్లు తీసి గట్టుమీద అటొక సగం, ఇటొక సగం పోండి. దిగేవాళ్ళు బిళ్ళ తీసుకుని దిగండి."

"ఇప్పుడు బిళ్ళ ఎందుకమ్మా, మనిషి పోయినాడంటే—"

"ఇప్పుడే కావాల. తీసుకో."

అంజినప్ప గట్టెక్కి బిళ్ళ తీసుకుని మెడలో వేసుకున్నాడు. మంజు కూడా తీసుకున్నాడు. మోటార్‌సైకిళ్ళు గట్టుమీద దుమ్ము లేపుకుంటూ రెండు వైపులకు చీలిపోయాయి. పొయ్యి దగ్గర సౌభాగ్య పులుసు కుండ మూత వేసి, దానిమీద చేయి పెట్టుకుని కూర్చుంది.

మునిలక్ష్మి పలక పక్కన నిలబడింది. తాళాల గుత్తి నడుముకు తేలికగా ఉంది. మునేష్ చొక్కా ఆమె భుజంమీదే ఉంది. బిళ్ళ ఇచ్చినప్పుడే చంద్రుకు కేక వేసి చెప్పి ఉంటే బాగుండేది. చెప్పలేదు. కొత్తవాడు, దూరంనుంచి నెమ్మదిగా వస్తున్నాడులే అనుకుని చేపలు కొలవనిచ్చింది. పూలు వేసిన మేకును జనం మేకులాగా చూడరని ఆమెకు తోచలేదు. ఇప్పుడది తలుచుకుని ప్రయోజనం లేదు. ఆమె వేరేది తలుచుకుంది. ట్యూబు నిన్న సాయంత్రం తొట్టిలో ముంచింది. చుట్టూ తిప్పి ముంచింది. మడత పడిన చోట వేలితో నొక్కి చూసింది. ఒక్క బుడగ రాలేదు. క్యాను కట్టు తనే లాగి చూసింది. గాలి ఇటునుంచి అటు వీస్తోంది, కాబట్టి మనిషిని నడుమకు లాగదు, అవతలి గట్టుకు తోస్తుంది. ట్యూబు మునగదు. మనిషి ట్యూబును వదలడు.

"ఆ ట్యూబు మునిగేది కాదన్నా" అంది. చిన్నవెంకటప్ప పక్కకు వచ్చి నిలబడ్డాడని ఆమె చూడకుండానే తెలుసుకుంది.

"ట్యూబు సంగతి కాదమ్మా నేను అడిగేది."

"మనిషి సంగతే చెప్తా ఉండా."

 ఆయన వెళ్ళిపోలేదు. ఇద్దరూ నిలబడ్డారు. నీళ్ళమీద రెండు ట్యూబులు జమ్ము అంచున మెల్లగా పోతున్నాయి. గట్టుమీద ఒక బండి ఆగింది, మళ్ళీ కదిలింది. అంజినప్ప కేకలు గాలికి ముక్కలు ముక్కలుగా వినిపిస్తున్నాయి.

గట్టు కింద రోడ్డుమీద బేతమంగళం బస్సు వచ్చి ఆగింది. అక్కడ స్టాపు లేదు. వెనక తలుపునుంచి ముందు ఒక పెద్ద నల్ల ట్యూబు బయటికి వచ్చింది. సగం వచ్చి ఇరుక్కుంది. లోపలివాళ్ళు తోశారు. ట్యూబు రోడ్డుమీద పడి ఒక ఎగురు ఎగిరింది. దాని వెనక మునేష్ దిగాడు. బనియను, తడి ప్యాంటు, ఒక కాలికి బాతుపాదం, ఇంకో కాలు ఒట్టిది. ఒళ్ళంతా పాచి.

కండక్టరు తలుపులో నిలబడి గట్టువైపు చూసి అరిచాడు. "ఈయప్ప మీవాడేనా? టికెట్టు తియ్యమంటే దుడ్డు చొక్కాలో ఉండాది, చొక్కా అక్క దగ్గర ఉండాది అంటాడు. ట్యూబుకు లగేజీ ఎవరు ఇస్తారు? సీట్లన్నీ తడిపేసినాడు."

చిన్నవెంకటప్ప గట్టు దిగాడు. ఆ వయసులో ఆయన అంత వేగంగా దిగడం ఎవరూ చూసి ఉండరు. జేబులో చేయి పెట్టి, మనిషికీ ట్యూబుకూ తనే ఇచ్చి బస్సును పంపించాడు. ట్యూబును తనే భుజానికి వేసుకుని పైకి వచ్చాడు.

మునేష్ ఆయనకంటే ముందే గట్టెక్కాడు. రొప్పుతున్నాడు.

"సంగు వినిపించిందక్కా. విన్న వెంటనే తిరిగినా. గాలి తోసేసింది. ఎంత కొట్టినా ఎనక్కే పోతా ఉండాను. జమ్ములో పాదం ఊడిపోయింది. సరేలే అని అటే పోయి గట్టెక్కినా. నడిచి వస్తే పొద్దు పోతుంది, మీరేమో పలక దగ్గరే నిలబడి ఉంటారు. అందుకే బస్సెక్కినా." మెడలోనుంచి బిళ్ళ తీశాడు. పలక దగ్గరికి పోయి ఆగిపోయాడు. "అక్కా, ఖాళీగా ఉండేది ఇదొక్కటే. దీనికి పూలుండాయే."

చంద్రు అప్పుడే బండిమీద తిరిగివచ్చి దిగాడు. మేకువైపు వేలెత్తబోయి, వదిన మొహం చూసి చేయి దించేశాడు.

"దాని మీదనే తగిలించప్పా" అంది మునిలక్ష్మి.

మునేష్ దండను చేత్తో కొంచెం పక్కకు జరిపి బిళ్ళ తగిలించాడు. తడి ఇత్తడిమీద ఎండ పడింది. ఆమె హారన్ నొక్కింది. కింది కొసన జమ్ములో వెతుకుతున్న ఇద్దరూ తిరిగి చూశారు. వాళ్ళు వచ్చేదాకా ఎవరూ ఆకుల ముందు కూర్చోలేదు. అంజినప్ప వచ్చి, మునేష్‌ను కిందినుంచి పైదాకా చూసి, తన బిళ్ళ తగిలించి, "నేను నీళ్ళలో నీకోసం ఏడుస్తా ఉంటే నువ్వు బస్సులో కిటికీ పక్కన కూచున్నావా?" అన్నాడు.

"కిటికీ పక్క ఇయ్యలేదన్నా. నిలబడే వచ్చినా."

ఆ నవ్వు చెరువు దాటి వినిపించి ఉంటుంది. సౌభాగ్య మూత తీసింది. ముద్దలు చల్లారిపోయాయి. చల్లారిన ముద్దను వేడి పులుసులో ముంచుకుని తిన్నారు.

చిన్నవెంకటప్ప మునేష్ పక్కనే కూర్చున్నాడు. సగం తిని అడిగాడు.

"నిండిందామ్మా పలక?"

"నిండింది అన్నా."

ఆయన ఇంకో ముద్ద తీసుకున్నాడు. చేయి కడుక్కుని, గొడుగు తీసుకుని, పోతూ పోతూ గట్టు చివర ఆగాడు. "వచ్చే ఏడు గాలి లేచే నెలలో పెట్టద్దు. కోతలకు ముందే పెట్టుకోండి. మామిడికాయలు యాడికీ పోవు."

చంద్రు టెంపోలోకి ట్యూబులు ఎక్కించాడు. కేశవ ట్యూబును ఎక్కించే ముందు తెల్లరంగు డబ్బా పట్టుకుని వదిన వైపు చూశాడు. మంజు పేరు అప్పటికే మంజు ట్యూబుమీద రాసేశారు.

"దీనిమీద ఏమన్నా రాయాలా వదినా?"

"ఏమీ వద్దు. పౌడరు చల్లి పెడదాం. వచ్చే ఏడు ఎవరో ఒకరు రైలు ఆలస్యమై వస్తారు."

పలక విప్పేటప్పుడు చంద్రు ఇత్తడి బిళ్ళను తీసి ఆమె చేతికి ఇవ్వబోయాడు. తాళాల గుత్తికి కట్టుకుంటుందని అతనికి తెలుసు. ఆమె తీసుకోలేదు.

"ఆడనే ఉండనీ. రేకుబిళ్ళల పక్కనే ఉంటుంది."

టెంపో ఎర్రమట్టి దోవలో ఎగురుతూ పోతుంటే పలక ఆమె ఒళ్ళో ఉంది. రేకుబిళ్ళలన్నీ గలగలమంటున్నాయి. వాటి మధ్య ఒకటి మాత్రం కొంచెం లోతుగా మోగుతోంది. వెనక ట్యూబుల గుట్టమీద కూర్చున్న అంజినప్ప, రైల్వేస్టేషన్ దాకా తోడుగా వస్తున్న మునేష్‌కు తన చేప నిజానికి ఎంత పొడుగో చేతులు చాపి చూపిస్తున్నాడు. ప్రతి గుంతకూ అది ఇంకొంచెం పొడుగవుతోంది.